గోడవతల గంధకం వాసన

బట్టలు తర్వాత ఆరేసుకోవచ్చు, ముందిలా రండి. ఆ వేపచెట్టు నీడ మూడింటిదాకా ఇటే ఉంటుంది. నేనూ వంటిల్లు సర్దుకునే వచ్చాను. షెఫీల్డ్ నుంచి మేం వచ్చి పది రోజులైందా, ఇంతవరకూ మీతో స్తిమితంగా రెండు మాటలు మాట్లాడిందే లేదు. మొన్న మీరు మా గుమ్మం ముందునుంచి వెళ్తూ తల అటు తిప్పుకున్నారు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను, చూశాన్లెండి. అలిగారా? అలిగితే అలిగారు గానీ, ఆ బకెట్టు కింద పెట్టండి, చెయ్యి లాగేస్తుంది.

లండన్ చూశారా, రాజుగారి కోట చూశారా అని వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. చూశాం. ఫోటోలు మా అబ్బాయి పంపితే మీకే ముందు చూపిస్తాను. కానీ ఆ ఆరు నెలల్లో నా మనసులో నిలిచిపోయింది ఒక గేర్‌బాక్సు. నవ్వకండి. మీ ఇంటి ఉసిరిచెట్టు మీద ఒట్టు, నిజమే చెబుతున్నాను.

మా అబ్బాయి ఉండేది ఏటవాలు వీధి. ఆ ఊరంతా ఎగుడుదిగుళ్లే, పాలకని వెళ్లొస్తే మోకాళ్లు పలకరిస్తాయి. ఉక్కు ఊరది. మన వంటింట్లో స్టీలు గిన్నెలున్నాయే, ఆ తుప్పు పట్టని ఉక్కు 1913లో ఆ ఊళ్లోనే తయారైంది. ఈ సంగతి తెలిసినరోజు నేను మా కోడలి వంటింట్లో గ్లాసులన్నీ ఓసారి తిప్పి తిప్పి చూశాను. ఎక్కడి గ్లాసు, ఎక్కడి ఊరు!

సరే, పక్కింటాయన. మాకూ వాళ్లకీ మధ్య నడుమెత్తు రాతిగోడ. ఆయనకి ఎనభై దాటాయి. భార్యాభర్తలిద్దరే ఉంటారు. ఆ పెద్దాయన కారు కడిగేటప్పుడు కూడా టై కట్టుకునేవారు, తెలుసా! మొదటిరోజు నేను ఎక్కడికో పెళ్లికి వెళ్తున్నారనుకున్నాను. చేతిలో బకెట్టు ఉంది. ఆ కారు ఎంజీబీ, 1965 నాటిది. ఇద్దరే పట్టే ముదురాకుపచ్చ కారు, పైకప్పు గొడుగులా ముడుచుకుంటుంది. ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఈ ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారుచేశారట. ఈయన దానికి ఓ నోటుపుస్తకం పెట్టారు. ఏ రోజు ఏ నూనె పోశారు, ఏ నట్టు మార్చారు, అంతా పెన్సిలుతో రాసుకుంటారు. పెన్ను ఎందుకు వాడరని మా మనవరాలిచేత అడిగించాను. ఇంకు నూనెలో కరిగిపోతుంది, పెన్సిలు పోదు అన్నారు. అప్పుడే నాకాయన మీద గౌరవం కలిగింది. మా అమ్మ చాకలిపద్దు కూడా పెన్సిలుతోనే రాసేది.

మా వారి సంగతి మీకు తెలిసిందేగా. ముప్పయ్యొక్క ఏళ్లు బస్సుడిపోలో మెకానిక్కు. రిటైరయ్యాక చేతులు ఊరికే ఉండవు, మిక్సీ బాగున్నా విప్పుతారు. అక్కడ విప్పేందుకు ఏముంది? కోడలి ఇల్లాయె. నెల్లాళ్లు కిటికీలోంచి ఆకుపచ్చ కారు చూస్తూ కూర్చున్నారు. ఓ రోజు పెద్దాయన కారు కింద పడుకుని చెయ్యి బయటికి చాపారు. ఏదో కావాలన్నమాట. మా వారు గోడ దాటి వెళ్లి, పరిచిపెట్టిన వాటిల్లోంచి సరైన పానా తీసి ఆ చేతిలో పెట్టారు. ఒక్కమాట లేదు. ఏ సైజు అని అడగలేదు. పెద్దాయన కింద నుంచే ఆ పానాని తిప్పి చూసుకుని, బయటికి జరిగి, లేచి కూర్చుని, మా వారి మొహం వంక చూశారు. ఇక అంతే. ఈయనకొచ్చిన ఇంగ్లీషు డిపో ఇంగ్లీషు, ఆయనది యార్క్‌షైర్ యాస. ఇద్దరూ రోజుకి మూడు గంటలు మాట్లాడుకునేవారు. ఎలాగని మాత్రం నన్నడక్కండి.

ఇప్పుడు అసలు కథ. ఆ కారులో ఓవర్‌డ్రైవ్ అని ఒకటుంది. మీకు చెబితే అర్థమవుతుంది, మీరు ఆ రోజుల్లో లెక్కల్లో మొదటి మార్కు కదా, మీ అక్కయ్య చెప్పింది.

నాలుగో గేరు పడ్డాక ఇక వేసేందుకు గేరు లేదు. ఆ కాలపు కార్లన్నీ దాదాపు అంతే. ఇంగ్లండులో 1959లో ఎం1 అనే పెద్ద మోటారు రోడ్డు తెరిచారు. జనం గంటలతరబడి ఒకే వేగంతో పోవడం మరిగారు. పాపం ఇంజను గుక్కతిప్పుకోకుండా అరుస్తూ ఉండాలి. అలాంటప్పుడు అక్కరకొచ్చేది గేర్‌బాక్సు వెనకాల తగిలించిన ఇంకో చిన్న పెట్టె. డ్యాష్‌బోర్డు మీద బుల్లి స్విచ్చి ఉంటుంది. క్లచ్ కూడా తొక్కక్కర్లేదు, వేలితో నొక్కితే చాలు. ఎంజీబీ గంటకి 70 మైళ్లు పోయేటప్పుడు నాలుగో గేరులో ఇంజను నిమిషానికి 3900 చుట్లు తిరుగుతుంది. స్విచ్చి నొక్కారా, 3100కి దిగుతుంది. కారు వేగం అంతే ఉంటుంది, అరుపు తగ్గుతుంది. పసిపిల్లకి ఉయ్యాలలో నిద్ర పట్టినట్టు.

ఈ పెట్టెని కనిపెట్టినాయన పేరు కెప్టెన్ ఎడ్గర్ డి నార్మన్‌విల్. తయారుచేసింది లేకాక్ కంపెనీ. ఆ కంపెనీ ఎక్కడిదనుకున్నారు? షెఫీల్డే! పెద్దాయన ఈ మాట చెప్పేటప్పుడు టై సర్దుకున్నారు. దాన్ని మొదట 1948లో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారుకి పెట్టారన్నారు. ‘వాన్‌గార్డ్’ అని చెవిన పడగానే మా వారు ఎగిరి గంతేశారు. మన మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవాళ్లు తయారుచేసిన కారే కదా అది! వీపు గుండ్రంగా, తాబేలులా ఉండేది. మా వారి చిన్నప్పుడు వాళ్లూరి డాక్టరుగారికి ఉండేదట, వెనకాల పరిగెత్తి పరిగెత్తి దెబ్బలు తిన్నారట. ఆ డాక్టరుగారి భార్య ముక్కుపుడక గురించి కూడా చెప్పారు గానీ, అది ఇప్పుడొద్దు.

పెద్దాయన బాధేమిటంటే, ఆ చలికాలం నుంచీ ఓవర్‌డ్రైవ్ సరిగ్గా పట్టడం లేదు. ఇదివరకు స్విచ్చి నొక్కితే టక్కున పట్టేదట. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాలి. బండి వేడెక్కాక ఎత్తు ఎక్కుతుంటే పట్టు జారిపోతోంది, ఇంజను ఒక్కసారిగా గయ్యిమంటోంది. ఊరు దాటితే స్నేక్ పాస్ అని కొండదారి ఉంది, పేరుకు తగ్గట్టు మెలికలే. భార్యని ఎక్కించుకుని ఆ దారిన పోవడం ఆయనకి ఏళ్లనాటి అలవాటు. ఆవిడ మానేసింది. కారు గయ్యిమంటే గుండె దడ అంటుంది. ఆవిడ ఇంట్లో, ఈయన కారు దగ్గర. ఆ గోడ ఇవతల నుంచి చూస్తున్న నాకు ఎలా ఉంటుంది చెప్పండి?

ఓవర్‌డ్రైవ్ మొత్తం విప్పుదామన్నారు పెద్దాయన. మా వారు వద్దని తల అడ్డంగా ఊపారు. ముప్పయ్యొక్క ఏళ్లలో నేర్చుకున్నది అదే, పెద్దది విప్పేముందు చిన్నవన్నీ చూడాలి. ముందు వైర్లు చూశారు. స్విచ్చి నొక్కితే సోలినాయిడ్ అనే చిన్న అయస్కాంతం వాల్వు తెరవాలి, అది తెరుస్తోంది. ఓవర్‌డ్రైవ్ తగాదాల్లో చాలావాటికి తీగలో తెగుడో నూనె తక్కువో కారణమట. తీగలు బాగున్నాయి కాబట్టి ఇక నూనె. కారు లోపల కార్పెట్ ఎత్తితే రబ్బరు బిరడా, దాని కింద నూనెమట్టం చూసే పుల్ల. తీసి గుడ్డతో తుడిచారు. మట్టం సరిగ్గానే ఉంది.

నేను ఇటు గోడపక్కన కుండీలో పుదీనా గిల్లుతున్నాను. గాలి ఇటు తిరిగింది. గుప్పుమంది చూడండీ వాసన! ఎవరింట్లోనో కోడిగుడ్లు ఉడికి ఉడికి నీళ్లింకి మాడినట్టు. ‘ఏమండీ, ఏమిటా కంపు’ అన్నాను. మా వారు అప్పటికే ఆ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. రెండు వేళ్ల మధ్య నూనె రుద్ది చూశారు, మళ్లీ వాసన చూశారు. ‘ఇది వెనక హౌసింగులో పోసే ఆయిలే!’ అన్నారు తెలుగులో. పెద్దాయనకి ఏమర్థమైందో, ఆయనా గుడ్డ పుచ్చుకుని వాసన చూశారు. మొహం పాలిపోయింది.

బస్సుకి గానీ ఇలాంటి పాత కారుకి గానీ వెనక ఇరుసు మధ్య లావుగా గుండ్రంగా ఉంటుందే, దాంట్లో క్రౌన్ చక్రం ఉంటుంది. అక్కడ పళ్లు ఒకదాన్నొకటి ఊరికే నెట్టుకోవు, నెట్టుకుంటూ రాసుకుంటూ జారతాయి. బరువంతా అక్కడే. అందుకని ఆ నూనెలో గంధకం, భాస్వరం మందులు కలుపుతారు. అవి ఇనుముమీద పొరకట్టి పళ్లని కాపాడతాయి. ఆ మందు దండిగా ఉండే రకాన్ని జీఎల్-5 అంటారు. సుమారు అందులో సగం మందు ఉండేది జీఎల్-4. ఆ కోడిగుడ్డు కంపు గంధకానిదే.

మరి అది ఇక్కడికెలా వచ్చింది? క్రితం ఏడాది పెద్దాయనకి కంటి ఆపరేషనైంది, వంగకూడదన్నారు. ఏదో షెడ్డువాళ్లకి ఇచ్చి నూనె మార్పించారు. అక్కడి కుర్రాడు గేర్‌బాక్సు కదా అని మంచి గేరాయిలు, ఖరీదైనది, పోసి పంపాడు. వాణ్ణేమీ అనలేం. పాతికేళ్ల పిల్లాడు అరవై ఏళ్ల బండిని ఎప్పుడు చూశాడు గనక? కొత్తకోడలికి మనం నెయ్యి ఏ డబ్బాలో ఉందో చెప్పకపోతే వనస్పతితో పోపు పెడుతుంది. తప్పెవరిది?

కానీ ఒకటి చెప్పండి. మీరు ఆవకాయలో కొబ్బరినూనె పోస్తారా? పోయరు. కొబ్బరినూనె చెడ్డదా? కాదు, తలకి అదే రాసుకుంటాం. ఆవకాయకి పప్పునూనే కావాలి, అంతే. ఈ ఓవర్‌డ్రైవ్ విషయం ఇంకా చిక్కుది. దాంట్లో ఒక్క నూనే మూడు చాకిరీలు చేస్తుంది. గేర్‌బాక్సుకీ దానికీ విడివిడి నూనెలు లేవు, ఇందులోదే అందులోకి పారుతుంది.

మొదటి చాకిరీ అందరికీ తెలిసిందే, పళ్లు అరగకుండా చూడడం. రెండోది బలం. షాఫ్టు తిరుగుతుంటే లోపల చిన్న పంపు నూనెని ఒత్తుతుంది. ఎంతనుకున్నారు? చదరపు అంగుళానికి 500 పౌండ్ల ప్రాంతంలో. మీ అబ్బాయి కారు టైర్లలో గాలి 30, మహా అయితే 35. ఇంత ఒత్తిడితో నూనె రెండు పిస్టన్లని తోస్తుంది. అంటే ఆ నూనే దాని కండబలం. చిక్కబడితే బద్ధకంగా కదులుతుంది, మరీ పలచనైతే సందుల్లోంచి జారిపోయి ఒత్తిడి నిలవదు. మట్టం తగ్గి పంపు గాలి పీల్చిందా, మజ్జిగ చిలికినట్టు నురుగు వస్తుంది. నురుగు తోస్తే ఏం కదులుతుంది? అందుకే నురుగు కట్టని నూనె కావాలి.

మూడోది ఉందే, అక్కడే అందరూ పొరపడేది. లోపల శంకు ఆకారంలో ఒక క్లచ్ ఉంటుంది. మీరు స్టీలు గ్లాసులు తడిగా ఒకదాంట్లో ఒకటి పేర్చి పెడతారు, మర్నాడు రావు. పట్టుకుని గుంజుతారు, మీవారిని పిలుస్తారు, ఆయన నేలకేసి కొడతారు. మా ఇంటిదాకా వినిపిస్తుంది లెండి. అదిగో, ఆ పట్టే ఈ క్లచ్ పట్టు. శంకులో శంకు దిగి బిగుసుకుంటుంది. దానికి లోపలా బయటా బ్రేకుకి ఉండేలాంటి లైనింగు. స్ప్రింగులు దాన్ని ఒకవైపు నెట్టి పెడతాయి, అప్పుడు మామూలు నాలుగో గేరు. స్విచ్చి నొక్కితే నూనెబలం దాన్ని రెండోవైపు లాగి కదలని రింగుకి అదుముతుంది. మధ్యలో సూర్యచక్రం, చుట్టూ గ్రహచక్రాలు ఉంటాయి. వాళ్లూ అలాగే పిలుస్తారు, సూర్యుడు గ్రహాలు అని. నేను వెంటనే నవగ్రహాల గుడి అన్నాను. శంకు బిగుసుకుంటే సూర్యుడు ఆగిపోతాడు, గ్రహాలు ఆయన చుట్టూ ప్రదక్షిణం చేస్తూ బయటి చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పుతాయి. ఓవర్‌డ్రైవ్ అంటే ఇంతే.

మరి ఆ శంకు నూనెలో మునిగే పట్టాలి కదా. పళ్లకేమో జారుడు కావాలి, దీనికేమో పట్టు కావాలి, ఉన్నది ఒక్కటే నూనె! జారుడు ఎక్కువైతే గ్లాసులు బిగుసుకోవు. మీ పెద్దవాడి మోటారుసైకిలుకి కారు ఇంజనాయిలు పోయొద్దని షాపువాడు ఎందుకంటాడు? అక్కడా క్లచ్‌ప్లేట్లు నూనెలోనే ఉంటాయి. జారుడు మందులు ఎక్కువున్న నూనె పోస్తే బండి గయ్యిమంటుంది, ముందుకి పోదు. అదే న్యాయం ఇక్కడా. పైగా గేర్‌బాక్సులో గేర్లు కలిపే రింగులు ఇత్తడి జాతివి, ఘాటైన గంధకం మందు పసుపు లోహాలని వేడిలో తినేస్తుంది. చింతపండు రసం ఇత్తడిగిన్నెలో వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

ఇక ఏం పోయాలి? ఇక్కడే మా వారు, పెద్దాయన మొదటిసారి గొడవపడ్డారు. పెద్దాయన లోపలికి వెళ్లి కారుతోపాటు వచ్చిన పాత పుస్తకం తెచ్చారు. ఇంజనుకి ఏది పోస్తామో అదే పోయమని ఉంది దాంట్లో. మా వారు చదివించుకుని నమ్మలేదు. గేర్‌బాక్సులో ఇంజనాయిలా? నైంటీ గేరాయిలు ఎక్కడ, ఈ 20డబ్ల్యు-50 ఇంజనాయిలు ఎక్కడ, నీళ్లలా ఉంటుంది, పళ్లు రాలిపోతాయి అన్నారు. డిపోలో గేర్‌బాక్సంటే నైంటీ ఆయిలే, అది ఆయనకి గాయత్రీమంత్రం.

మా మనవరాలు ఫోనులో వెతికి తాతయ్యకి పట్టిక చూపించింది. ఇంజనాయిలు అంకెలూ గేరాయిలు అంకెలూ వేరే వేరే కొలతలట! గేరాయిలు 90 అంటే ఇంజనాయిలు లెక్కలో సుమారు 40, 50 చిక్కదనమే. ఒకటి మూరల్లో కొలిచారు, ఇంకోటి గజాల్లో కొలిచారు, గుడ్డ అదే. మా వారు ఆ పట్టిక ఎంతసేపు చూశారో! రాత్రి పడుకున్నాక కూడా చీకట్లో ‘తొంభైకీ యాభైకీ తేడా లేదటే’ అన్నారు. ముప్పయ్యొక్క ఏళ్లు చేసిన పని అది. తెల్లారి గోడ దాటి వెళ్లి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపి వచ్చారు.

అయినా తేలలేదండీ. ఆదివారం ఆయన స్నేహితులు వచ్చారు, అందరూ పాత కార్లవాళ్లే. వాళ్లావిడ నన్నూ టీకి పిలిచింది. పెరట్లో పెంచిన రూబార్బ్ కాడలు ఇచ్చింది, ఎర్రగా ఉంటాయి, మన గోంగూరంత పులుపు. నేను పచ్చడి చేసి పట్టుకెళ్లాను. అక్కడ కేకు తింటూ ఒకాయన గొంతు పెంచారు. ఆయనది ట్రయంఫ్ టీఆర్-4. దానికీ లేకాక్ ఓవర్‌డ్రైవే. నలభై ఏళ్లనుంచి గేరాయిలే పోస్తున్నాను, భేషుగ్గా ఉంది, ఇంజనాయిలు పోస్తే పాడవుతుంది అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల పుస్తకంలో అలాగే ఉంది. ట్రయంఫ్ కంపెనీ గేర్‌బాక్సుకి గేరాయిలే రాసింది. అయితే అది ఆ కాలపు మందు, ఇప్పటి లెక్కలో జీఎల్-4 రకం. డబ్బా మీద అంకె 4 నుంచి 5కి మారితే ఆయన బండికీ ఇదే గతి.

ఇంకొకాయనది స్వీడన్ వోల్వో, పీ1800. ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. ఆ కారులో ఓవర్‌డ్రైవ్ లేని గేర్‌బాక్సుకి 80 నంబరు గేరాయిలు, అదే గేర్‌బాక్సుకి ఓవర్‌డ్రైవ్ తగిలిస్తే ఇంజనాయిలు అని కంపెనీయే రాసిందట. చూశారా, కోడలు ఇంటికొస్తే వంట మారినట్టు! తర్వాత వచ్చిన వోల్వో 240లో అయితే ఆటోమేటిక్ బండ్ల ఆయిలు, అందులోనూ టైప్-ఎఫ్ అనే రకం. ఎందుకంటే దాంట్లో జారుడు మందులు ఉండవు. అందరూ వెతుకుతున్నది ఒకటే, పట్టు పోనివ్వని నూనె. ఓవర్‌డ్రైవ్ ఒకే కంపెనీదైనా దాని ముందున్న గేర్‌బాక్సు ఎవరిదో, వాళ్లేం రాశారో అదే పోయాలి. అమెరికాలో బోర్గ్-వార్నర్ ఓవర్‌డ్రైవులున్నాయి, 1934లో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లోతో మొదలయ్యాయి. అవి నూనెబలంతో పనిచేసేవి కావు, లోపల కొక్కెంలాంటి అడ్డు పడి బిగుస్తుంది, కాబట్టి వాటి లెక్క పూర్తిగా వేరు. న్యూజెర్సీలో మీ తోడికోడలి కొడుకు పాత కారు కొన్నాడన్నారుగా? వాడికి ఫోను చేసినప్పుడు ఈ మాట చెప్పండి, మర్చిపోకండి.

సోమవారం పొద్దున్నే పని మొదలెట్టారు. బండి ఓ చుట్టు తిప్పి నూనె వేడెక్కాక కింది బిరడాలు తీశారు. గేర్‌బాక్సుకి ఒకటి, ఓవర్‌డ్రైవ్‌కి ఒకటి. రెండూ తీయకపోతే పాతది లోపలే ఉండిపోతుంది. ఓవర్‌డ్రైవ్ బిరడా వెనక సన్నటి జల్లెడ, మన టీ వడగట్టే దానిలా. ఆ జల్లెడ దగ్గరి అయస్కాంతానికి బూడిదరంగు గుజ్జు అంటుకుని ఉంది. అది మామూలే, ఇనుపరజను. పెద్దాయన మాత్రం టార్చి వేసి ఆ గుజ్జుని వేలితో పరిచి పరిచి చూశారు. పసుపు మెరుపు కనిపిస్తుందేమోనని. కనిపిస్తే ఇత్తడి పోతున్నట్టు. ఆ ఎనభయ్యేళ్ల మనిషి చెయ్యి వణకడం నేను గోడ ఇవతల నుంచి చూశాను. నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను, మా వెంకన్నకే. లేదండీ, ఒక్క మెరుపు లేదు. ఆయన జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

జల్లెడ కిరసనాయిల్లో కడిగారు. 20డబ్ల్యు-50 పోశారు, మినరల్ రకం, పాత ఇంజన్లకి అమ్మేది. కొత్త కార్లకి వచ్చే పలచటి రకాలు చాలావాటిలో జారుడు మందులు ఉంటాయి, అవి వద్దన్నారు. షాపువాడు ఒక చిన్నసీసా కూడా అంటగట్టబోయాడట, పోస్తే అరుగుదలే ఉండదని. పెద్దాయన తెచ్చారు కూడా. మా వారు దాన్ని తీసి గోడమీద, నా పుదీనా కుండీ పక్కన పెట్టేశారు. జారుడు తగ్గిద్దామని ఇంత శ్రమపడుతుంటే మళ్లీ జారుడు సీసా ఏమిటి? పోసి, నాలుగు మైళ్లు తిప్పుకొచ్చి, మళ్లీ పుల్ల పెట్టి చూశారు. ఓవర్‌డ్రైవ్ తన వాటా తాను తాగేస్తుంది కదా, మట్టం దిగింది. ఇంకొంచెం పోశారు.

వెంటనే బాగైపోయిందనుకుంటున్నారా? కాలేదు. నాలుగు లెక్కపెట్టేవాళ్లు రెండుకొచ్చారు, అంతే. లైనింగు ఏడాదిపాటు ఆ నూనె పీల్చుకుని ఉంది మరి. మాగాయ జాడీ ఎన్నిసార్లు కడిగితే వాసన పోతుంది? మూడు వారాలు తిప్పి, ఆ నూనె తీసేసి, మళ్లీ కొత్తది పోశారు. డబ్బులు దండగ అని అనుకోలేదు ఆయన. అప్పుడు పట్టింది చూడండీ, చిటికె వేసినట్టు!

ఒక్క సంగతి మర్చిపోయేదాన్ని, ఇది ముఖ్యం. ఓవర్‌డ్రైవ్ పట్టి విడవకుండా ఇరుక్కుంటే బండిని వెనక్కి నడపకూడదట. లోపల సైకిలు ఫ్రీవీలులాంటి ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుంది, అది ముక్కలైపోతుంది. ముందుకు మాత్రమే పోయి ఆపుకోవాలి. మా వారు ఈ మాట నాలుగుసార్లు చెప్పించుకుని విన్నారు. బస్సుల్లో లేని జబ్బు కదా.

మేం బయల్దేరే ముందు వారం పెద్దాయన భార్యని ఎక్కించుకుని స్నేక్ పాస్ వెళ్లారు. ఆవిడ తలకి రుమాలు కట్టుకుంది, పూలది. ఎప్పటినుంచో బీరువాలో ఉందట. సాయంత్రం ఆవిడే గోడ దగ్గరికొచ్చి నాకు చెప్పింది, ఎత్తెక్కుతున్నంతసేపూ పిట్టల కూతలు వినిపించాయి అని. ఆవిడ ఇంగ్లీషు నాకు అంతగా అర్థం కాదు, పిట్టల్ని చేత్తో చూపించింది. మిగిలిన రూబార్బ్ పచ్చడి సీసా వాళ్లకే ఇచ్చేశాను. రొట్టెకి రాసుకుని తింటున్నారట.

ఆఖరిరోజు పెద్దాయన పెన్సిలూ నోటుపుస్తకమూ పట్టుకొచ్చారు. నూనె మార్చిన తేదీల కింద మా వారిని ఏదైనా రాయమన్నారు. ఇంగ్లీషులో కాదు, మీ భాషలో అన్నారు. మా వారు టేబులు దగ్గర కూర్చుని, డిపోలో జాబుకార్డు రాసినట్టు గుండ్రంగా రాశారు. ‘20-50 ఇంజనాయిలు. గేరాయిలు పోయవద్దు.’ పెద్దాయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి అడిగి, ఆ చివరి మాట నేర్చుకున్నారు. మా అబ్బాయి నిన్న ఫోనులో చెప్పాడు, పొద్దున్నే చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు గోడమీంచి వీణ్ణి అలాగే పలకరిస్తున్నారట. గుడ్ మార్నింగ్ లేదు ఏమీ లేదు, చెయ్యెత్తి ‘పోయవద్దు’ అంటారట. వీడూ చెయ్యెత్తి ‘పోయం, పోయం’ అంటున్నాడట.